పంపనన్న మీసం

నేను ఒక పెట్టుడు మీసాన్ని. పుట్టుకతోనే ముఖం లేనిదాన్ని. అందుకని నా మీద జాలిపడకండి. మీకున్నది ఒక్క ముఖం. చచ్చేదాకా దాన్నే కడుక్కుని, దాన్నే తుడుచుకుని, దాన్నే అద్దంలో చూసుకుని విసుక్కుంటారు. నేనెక్కిన ముఖాలకు లెక్కలేదు. రాజుల ముఖాలెక్కాను, దొంగల ముఖాలెక్కాను, ఒకసారి ఎల్కేజీ పిల్లాడి ముఖం కూడా ఎక్కాను. ఎక్కిన చోట కాసేపు ఏలి, దిగిపోవడంలో ఉన్న సుఖం మీకు తెలీదు.

అసలు నేను మొదట జడని. ఎవరో ఇల్లాలు మొక్కు తీర్చుకోవడానికి కొండ మీద ఇచ్చిన జుట్టులో ఒక పాయని. కొబ్బరినూనె, ఆదివారం కుంకుడుకాయ రసం, జడపిన్నులు, సాయంత్రం మల్లెపూలు, ఇవీ నా చిన్ననాటి సంగతులు. ఆ పాయ ఎవరెవరి చేతులు మారిందో గానీ, చివరికి తెనాలిలో నాటకాల సామాన్లు అద్దెకిచ్చే ఒక కొట్టుకు చేరింది. అక్కడ విగ్గులు కట్టే రంగయ్య పల్చటి వలగుడ్డ పరిచి, క్రోషియా సూదిలాంటి చిన్న కొక్కెంతో ఒక్కో వెంట్రుకనూ ముడివేసి నన్ను తయారుచేశాడు. కుడివైపు చివర కాస్త ఎక్కువ మెలిపడింది. రంగయ్య దాన్ని చూసి, "రాజసం" అని వదిలేశాడు. నిజానికి అప్పుడే అన్నానికి పిలుపొచ్చింది.

ఒక ఆడమనిషి దేవుడికిచ్చిన జుట్టు మగతనానికి గుర్తయి కూర్చోవడం నాకు మొదట్నుంచీ భలే నవ్వొచ్చే విషయం. స్టేజీ మీద నన్ను మెలేసి, తొడగొట్టి, గర్జించిన ఏ వీరుడికీ ఈ సంగతి తెలీదు. నేనూ చెప్పలేదు. ఎవరి ఆనందం వారిది.

పద్యనాటకాల్లో చాలాకాలం ఉన్నాను. ఒక్కో రాగం మొదలైతే ఆ వేడి ఊపిరికి నా జిగురు కరిగేది. కిళ్లీ నమిలే రాజులు నన్ను ఎర్రగా తడిపేవారు. మధ్యలో ఒకసారి పంద్రాగస్టు వేషాల పోటీకి ఒక పిల్లాడి తల్లి నన్ను అద్దెకు తీసుకుంది. వాడు దేశభక్తుడి వేషంలో పుల్లఐసు తిన్నాడు. సగం వాడు తిన్నాడు, సగం నేను తిన్నాను. తర్వాత నాటకాలు తగ్గాయి. కొట్టులో పెళ్లి కుర్చీలు, షామియానాలు పెరిగాయి. నన్ను కిరీటాల డబ్బాలోకి నెట్టేశారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. సరిగ్గా అప్పుడు షరీఫ్ వచ్చాడు.

షరీఫ్ కాలేజీ దాటి రెండు మూడేళ్లయిన కుర్రాడు. గలగల అనే నాటక బృందానికి పెద్ద. పెద్ద అంటే, తిట్లు తినేవాడు అని అర్థం. ఆ బృందంలో అందరూ కాలేజీ పిల్లలే. వాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో బళ్లకు వెళ్లి నాటకం ఆడతారు. ఆడాక గబగబా సామాన్లు సర్దుకుని వెళ్లిపోరు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. బడిపిల్లలతో కూర్చుని, చూసినదాని గురించి మాట్లాడతారు. నాటకం ముప్పావుగంటయితే మాటలు గంట.

వాళ్లు ఆడే నాటకం పేరు 'పంపను'. కథ చిన్నది. బడివాళ్లు పిల్లల్ని సముద్రం చూపించడానికి విహారయాత్రకు తీసుకెళ్తుంటారు. చిన్ని అనే పదో తరగతి పిల్ల తనూ వెళ్తానంటుంది. పోయినేడు అన్నయ్యను పంపిన నాన్న ఈమెను మాత్రం పంపనంటాడు. బతిమాలినా పంపడు, ఏడ్చినా పంపడు, అన్నం మానేసినా పంపడు. బస్సు వెళ్లిపోతుంది. నాటకం అక్కడే ఆగిపోతుంది. ముగింపు లేదు. ముగింపు బడిపిల్లలే చెప్పుకోవాలి.

చిన్ని వేషం జెస్సీది. నాన్న వేషం వకుళది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఆ పొడుగాటి పిల్ల పెదవి మీదికి నేను మొదటిసారి ఎక్కినప్పుడు నాకు కళ్లుంటే నీళ్లు తిరిగేవి. ఎన్నాళ్లకు మళ్లీ ఆడమనిషి దగ్గరికి చేరాను! నాటకం అయ్యాక నన్ను ఒంటిచేత్తో గిరాటేసిన రాజులనే చూశాను గానీ, ఇంటికి తీసుకెళ్లి, షాంపూ నీళ్లలో ముంచి, తువ్వాలు మీద ఆరబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో దువ్విన మనిషిని వకుళనే చూశాను.

ఈ బృందానికి ఒక పద్ధతి ఉంది. నాటకం అయ్యాక వకుళ మీసం తీయకుండానే కుర్చీలో కూర్చుంటుంది. పిల్లలు ఆ నాన్నను ఏమైనా అడగొచ్చు. మీసం ఉన్నంతసేపూ వకుళ నాన్నలాగే జవాబు చెప్పాలి, ఒప్పుకోకూడదు, మెత్తబడకూడదు. పిల్లల దగ్గర ప్రశ్నలు అయిపోయాక షరీఫ్, "ఇక మీసం తియ్యి" అంటాడు. వకుళ నన్ను పట్టుకుని ఒక్క గుంజు గుంజుతుంది. పిల్లలు కేకలు పెడతారు. అప్పటినుంచి ఆమె వకుళ. తనకు నిజంగా ఏమనిపిస్తుందో అప్పుడు చెబుతుంది. మీసం పెడితే నాన్న, తీస్తే తను. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మీలో చాలామందికి ఇలాంటి గుర్తేదీ లేకపోవడంవల్ల, ఎప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో మీకే తెలియడం లేదు.

ఇంత బాగా సాగుతున్న చోట చిక్కు వచ్చింది వకుళ సొంత నాన్నతో.

ఆయన పేరు పూర్ణచంద్రరావు. ఆర్టీసీలో కండక్టరు. నున్నగా గీసిన పెదవి, వాదనలో ఎవరికీ ఓడని నాలుక. కూతురు నాటకాలాడుతోందంటే మొదట ఏమీ అనలేదు. మీసం సంగతి బస్సెక్కేదాకా బాగానే ఉన్నాడు. ఒకరోజు ఒక ప్రయాణికుడు టికెట్ తీసుకుంటూ, "ఏంది కండక్టరు గారూ, మీ అమ్మాయికి మీసాలొచ్చినయంటగా? మీకు రాలా గానీ!" అన్నాడట. బస్సు బస్సంతా నవ్విందట. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి టవలు కుర్చీమీద విసిరేశాడు. నేను అదే కుర్చీ మీద ఆరుతున్నాను. టవలు కింద నుంచే అంతా విన్నాను.

"గురువారం నాకు సెలవు. వచ్చి చూస్తా. చూసి చెప్తా. నేను మానమంటే మానాలి. మళ్లీ ఏడుపులు, అలకలు లేవు."

"సరే నాన్నా," అంది వకుళ. వంటింట్లోంచి వాళ్లమ్మ అనసూయ, "ముందు ఆ టవలు తీసి దండెం మీద వేయండి," అంది.

గురువారం వచ్చింది. ఊరవతల హైస్కూలు. వరండాలో స్టేజీ, ఎదురుగా నేలమీద పిల్లలు, వెనకాల బెంచీ మీద హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేరు రాణి. ఆమె పక్కన చేతులు కట్టుకుని పూర్ణచంద్రరావు.

తెరవెనక అంటే సైన్సు ల్యాబు వెనక. అక్కడ షరీఫ్ సంచీ మొత్తం బోర్లించి చూస్తున్నాడు. నన్ను అతికించే జిగురు సీసా లేదు. నిన్న ఆడిన ఊళ్లోనే మర్చిపోయి వచ్చారు. మీసం లేకుండా ఆడదామా అంటే వకుళ ఒప్పుకోలేదు. "మీసం కోసమే వచ్చాడే మా నాన్న. అది లేకపోతే భయపడి తీసేశాననుకుంటాడు," అంది. జెస్సీ చిన్ని వేషపు జడలతోనే గేటు బయట కిరాణా కొట్టుకు పరుగెత్తి, ఒక బుల్లి ట్యూబు పట్టుకొచ్చింది.

"ఏం జిగురే ఇది?"

"అన్నీ అతుకుతాయన్నాడు."

ట్యూబు మీదున్నది చదవకుండా పెదవికి రాశారు. చదివిన వాళ్లెవరూ రాసుకోరు. అది తెగిపోయిన చెప్పులు అతికించే జిగురు. పెదవి తగిలిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ఇది అద్దె కాదు, కాపురం.

నాటకం అద్భుతంగా సాగింది. వకుళ 'పంపను' అన్నప్పుడల్లా పిల్లలు 'అబ్బా' అని మూలిగారు. బస్సు వెళ్లిపోయినప్పుడు ముందు వరసలో ఒక చిట్టి పిల్ల నిజంగానే ముక్కు చీదింది. తర్వాత కుర్చీ వేశారు, వకుళ కాలుమీద కాలేసుకుని కూర్చుంది, షరీఫ్ పద్ధతి వివరించాడు. వెంటనే లేచింది హేమశ్రీ. ఎనిమిదో తరగతి. రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు, నడుం మీద చేతులు.

"నాన్నగారూ, చిన్ని వాళ్ల అన్నయ్యని పోయినేడు పంపారుగా. దాన్నెందుకు పంపరు?"

"వాడు మగపిల్లోడు," అంది వకుళ గొంతు బొంగురు చేసి.

వెనక నుంచి ఒక మగపిల్లాడు లేచాడు. "మగపిల్లోడైతే ఏందండీ? పోయినేడు నేను దారంతా వాంతులే. కిటికీ దగ్గర కూచోబెట్టి నా తల పట్టుకుంది హేమశ్రీ వాళ్లే!"

బడి గొల్లుమంది. వకుళ కూడా నవ్వబోయి, నాన్న కాబట్టి ఆపుకుంది. ఆ ఆపుకోవడంలో నేను అదిరిపోయాను. ప్రశ్నలు వరదలా వచ్చాయి. టీచర్లు ఉంటారు కదా? ఫోన్ ఉంటుంది కదా? సముద్రం ఏమన్నా కొరుకుతుందా? వకుళ తడబడింది. మనసులో ఆమె పిల్లల వైపే. నోటితో మాత్రం నాన్న వైపు ఉండాలి. "నేను చెప్పాను కాబట్టి పంపను," అంది చివరికి. పిల్లలు గెలిచినట్టు చప్పట్లు కొట్టారు.

షరీఫ్, "సరే, ఇక మీసం తియ్యి," అన్నాడు.

వకుళ గుంజింది. నేను రాలేదు. పెదవి వచ్చింది. మళ్లీ గుంజింది. కళ్లల్లో నీళ్లొచ్చాయి. జెస్సీ వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు లాగుతుంటే వకుళ పెదవి రబ్బరులా సాగింది.

"రావట్లేదా?" అన్నాడు షరీఫ్ నెమ్మదిగా.

"రావట్లేదు," అంది వకుళ, తన మామూలు గొంతుతో.

"అట్టా మాట్లాడకూడదు!" అని అరిచింది హేమశ్రీ. "మీసం ఉందిగా! మీసం ఉన్నంతసేపూ నాన్నే! కూచోండి నాన్నగారూ. ఇంకా ఉన్నయ్ ప్రశ్నలు."

షరీఫ్ కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. పద్ధతి పెట్టింది తనే. వకుళ మళ్లీ కుర్చీలో కూలబడింది. రెండో విడత మొదలైంది. ఈసారి పిల్లలు రక్తం రుచి చూసిన పులులు. వకుళ దగ్గర జవాబులు ఎప్పుడో అయిపోయాయి. "అది... మరి... అంటే..." అంటోంది. ఇంత దీనంగా ఓడిపోయిన నాన్న ఏ నాటకంలోనూ ఉండడు.

వెనక బెంచీ మీద పూర్ణచంద్రరావు కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. కట్టుకున్న చేతులు విప్పాడు. మళ్లీ కట్టుకున్నాడు. చివరికి లేచి నిలబడ్డాడు.

"అట్టా కాదమ్మా! ఆ నాన్న సరిగ్గా చెప్పట్లా. నేను చెప్తా ఉండండి."

బడి అంతా వెనక్కి తిరిగింది. ఎస్తేరు రాణి ఆయన చొక్కా పట్టి లాగింది. ఆయన కూర్చోలేదు.

"మీరెవరండీ?" అంది హేమశ్రీ.

"నేనా? నేను నాన్నని."

"ఏ నాన్న?"

"అసలు నాన్నని! ఆ పిల్లకి."

వకుళ పెదవి చల్లబడిపోయింది, నాకు తెలుస్తూనే ఉంది. హేమశ్రీ మాత్రం చలించలేదు.

"మీకు మీసం లేదుగా. మీసం ఉన్నోళ్లే నాన్నగా మాట్లాడాలి. రూలు."

"అయితే ఆ మీసం ఇటివ్వండి!"

నేను పద్యనాటకాల్లో వన్స్‌మోర్లు విన్నాను. తెల్లారేదాకా ఈలలు విన్నాను. ఆ హైస్కూలు పెట్టిన కేక ముందు అవన్నీ దగ్గులు, తుమ్ములు. పిల్లలంతా లేచి వైద్యులైపోయారు. వేణ్నీళ్లన్నారు, కిరసనాయిలన్నారు, మజ్జిగన్నారు. ఒకడు కత్తెర తెస్తానని పరుగు తీస్తే వాడిని పట్టుకోవడానికి ఇద్దరు పరుగెత్తారు. ఇంతలో భోజనాల షెడ్డులోంచి వంటామె గోరువెచ్చటి నూనె గిన్నెతో వచ్చింది. జెస్సీ దూదితో అద్దింది, ఆగింది, మళ్లీ అద్దింది. నేను జారాను. సగం వెంట్రుకలు వకుళ పెదవి మీదే వదిలేసి, నూనె ఓడుతూ, జెస్సీ అరచేతిలో పడ్డాను.

పూర్ణచంద్రరావు నన్ను తీసుకుని స్టేజీ ఎక్కాడు. ఆ ట్యూబు వైపు చూసి వద్దన్నాడు. పై పెదవిని ముక్కుదాకా ఎత్తి, ఆ సందులో నన్ను ఇరికించుకుని కుర్చీలో కూర్చున్నాడు. నూనెకు నేను జారినప్పుడల్లా వేలితో పైకి నెట్టాడు. ఆ మూతితో మాట్లాడితే ప్రతి మాటా గిన్నెలో నుంచి వచ్చినట్టు వచ్చింది.

"ఇప్పుడు అడగండి. లోకం సంగతి మీకు తెలీదు. నేను రోజూ బస్సులో తిరుగుతా. ఎట్టాంటి మనుషులు ఎక్కుతారో నేను చూస్తా. అందుకే పంపను."

చెప్పడంలో ఏదో బరువుంది. పిల్లలు తగ్గారు. హేమశ్రీ కాసేపు రిబ్బను కొస నమిలి లేచింది.

"మీరు కండక్టరా? మీ బస్సులో ఆడపిల్లలు ఎక్కరా?"

"ఎందుకెక్కరు? కాలేజీ పిల్లలంతా నా బస్సే."

"వాళ్లని ఎవడన్నా ఏమన్నా అంటే?"

"నా బస్సులోనా!" నేను ఎగిరాను. వేలితో నొక్కిపట్టాడు. "కాలరు పట్టుకుని దింపేయనూ? దింపా కూడా."

"మరి విహారయాత్ర బస్సులో కూడా మీలాంటాయన ఒకరుంటారుగా?"

"ఉంటాడని ఏంది నమ్మకం?"

"మీరున్నారని ఆ పిల్లల నాన్నలకి మాత్రం ఏంది నమ్మకం? రోజూ మీ బస్సెక్కిస్తానే ఉన్నారుగా."

పూర్ణచంద్రరావు నోరు తెరిచాడు. వాదనలో ఎప్పుడూ ఓడని మనిషి నోరు తెరుచుకుని అలా ఉండిపోతే ఎంత వెలితిగా ఉంటుందో, ఆ అంచునే కూర్చుని నేను చూశాను.

అప్పుడు వకుళ లేచింది. పెదవి దొండపండులా వాచి ఉంది. దాని మీద నా వెంట్రుకలు అక్కడక్కడా మొలకల్లా ఉన్నాయి. "నేనూ ఒకటి అడగొచ్చా?" అంది షరీఫ్‌ను. అతను తలూపాడు.

"నాన్నా, లోకం గురించేనా? బస్సులో వాళ్లు ఏమంటున్నారనేది కాదా?"

చిన్ని సంగతి అడుగుతోందో, తన సంగతి అడుగుతోందో పిల్లలకు కూడా అర్థమైపోయింది. ఆయన నన్ను మళ్లీ పైకి నెట్టుకున్నాడు.

"అంటారు," అన్నాడు. "టికెట్ తీసుకుంటా అంటారు. దిగేటప్పుడు అంటారు. మీ అమ్మాయికి మీసాలొచ్చినయంటగా అని అంటారు. బస్సంతా నవ్వుతారు. నేనేం చెప్పాలి? చెప్పండి. నేనేం చెప్పాలి వాళ్లకి?"

హేమశ్రీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బాగా వచ్చినయండీ అని చెప్పండి."

ముందు నవ్వింది ఎస్తేరు రాణి. అంత పెద్ద హెడ్‌మిస్ట్రెస్ బెంచీ కోడు పట్టుకుని నవ్వింది. తర్వాత బడి నవ్వింది. పూర్ణచంద్రరావు ఆపుకోవాలని చూశాడు. పెదవి బిగించాడు, కళ్లు మూశాడు, భుజాలు ఊగాయి. ఇక ఆగక ఒక్కసారిగా పకపకా నవ్వాడు. నేను ఎగిరి ఆయన ఒళ్లో పడ్డాను.

షరీఫ్ ముందుకొచ్చాడు. అతని గొంతులో భయం ఉంది. "ఇప్పుడు మీసం లేదు సార్. ఇప్పుడు మీరే. మీ మాట చెప్పండి. వకుళను పంపిస్తారా, మాతో?"

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన జేబురుమాలు తీసి మూతికి అంటిన నూనె తుడుచుకున్నాడు. రుమాలు మడత పెట్టాడు. కూతురి వైపు పైనుంచి కిందిదాకా చూశాడు.

"నాటకంలో ఆ నడకేందే?" అన్నాడు. "చేతులు ఎడంగా పెట్టి, కోతిలాగా. ఏ నాన్నన్నా అట్టా నడుస్తాడా? పొద్దస్తమానం నిలబడి వచ్చిన మనిషి మడమల మీద బరువేసి నడుస్తాడు, మెల్లగా. చూసేవాళ్లు నమ్మొద్దూ?"

"సరే నాన్నా," అంది వకుళ.

"రేపు ఏ ఊళ్లో మీ ఆట?"

షరీఫ్ ఊరి పేరు చెప్పాడు.

"రేపటికి ఆ నడక సరిచెయ్యి," అని ఆయన స్టేజీ దిగిపోయాడు. పిల్లలు ఎందుకు అంత గోల చేశారో ఆయనకు అర్థం కానట్టే నడిచాడు. మడమల మీద బరువేసి, మెల్లగా.

ఆ రోజుతో నా రంగస్థల జీవితం ముగిసింది. సగం బట్టతల పడ్డ మీసానికి ఏ బృందం వేషమిస్తుంది? షరీఫ్ కొత్త మీసం కొన్నాడు. అది నైలాన్‌ది, దానికి జడ సంగతులేమీ తెలియవు. నన్ను పారేయడానికి వకుళకు చేతులు రాలేదు. వాళ్లింట్లో హాలు అద్దం మీద, అనసూయ అంటించుకునే బొట్టుబిళ్లల వరసలో, నన్నూ అంటించింది. మ్యూజియం అంటే ఇదే అయితే నాకేమీ అభ్యంతరం లేదు. ఎర్రబొట్టు, పచ్చబొట్టు, మెరుపుబొట్టు, వాటి పక్కన నేను. నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చున్నట్టే ఉంది. మొత్తానికి సొంతవాళ్లలోకి వచ్చాను.

కానీ పూర్తి విశ్రాంతి అనుకోకండి. పొద్దున్నే, డ్యూటీకి వెళ్లేముందు, పూర్ణచంద్రరావు అద్దం ముందుకొచ్చి అటూ ఇటూ చూసి నన్ను ఊడబెరుకుతాడు. పెదవి మీద ఇరికించుకుని గుమ్మం నుంచి ఫ్రిజ్ దాకా నడిచి చూపిస్తాడు. కొత్త మీసం పెట్టుకుని వకుళ ఆయన వెనకే నడుస్తుంది. "మడమ, మడమ," అంటాడు ఆయన. "మీరే తప్పడుగేస్తున్నారు నాన్నా," అంటుంది ఆమె. మళ్లీ గుమ్మం దగ్గర్నుంచి మొదలు.

వంటింట్లోంచి అనసూయ కేకేస్తుంది. "ఇంట్లో ఇద్దరు నాన్నలున్నారు గదా, ఎవరో ఒకరు వెళ్లి పాలప్యాకెట్ తెండి!"